పొట్టు రాలిన ఏళ్లు

ఈ వేసవిలో పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని రెండు మూడుసార్లు టేకులపల్లి బజారుకు పోయి వచ్చాను. కూరగాయలు కొన్నాను, తెలిసినవాళ్లు కనపడితే నిలబడి మాట్లాడాను. చూసేవాళ్లకు అందులో విశేషమేమీ లేదు. నేను మాత్రం ఇంటికొచ్చి తలుపు వేసి, అద్దం ముందు రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాను. మణికట్టు దాకా గుడ్డ కప్పుకోకుండా గడప దాటి నాలుగేళ్లయింది మరి.

నా జబ్బు పేరు సోరియాసిస్. మా ఊళ్లో చాలామందికి ఆ పేరు నోరు తిరగదు. ఇది సాధారణంగా ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే కాబోలు దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పడేవాళ్లు అసలే మాట్లాడరు, ఒళ్లు కప్పుకోవడంలోనే వాళ్ల రోజు గడిచిపోతుంది. ఇప్పుడు కాస్త నెమ్మదించింది. మళ్లీ తిరగబెట్టేలోపు జరిగింది జరిగినట్టు రాసుకుంటే నా మనసు కొంచెం కుదురుకుంటుందేమో అనిపించింది. నాలాంటి వాళ్లెవరైనా చదివితే నేను చేసిన తప్పులు ఒకటి రెండైనా చేయకుండా ఉంటారేమో.

మొదటి చలికాలం

కరోనా రెండో విడత తగ్గి, ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ మళ్లీ మొదలైన చలికాలం అది. నేను టైలర్‌ని. రోడ్డు మీదికి ఉన్న మా ముందు గదిలోనే మిషను. మా ఆయన వీరన్నకు పాల్వంచ ప్లాంటులో కాంట్రాక్టు పని. షిఫ్టును బట్టి బస్సెక్కి పోతాడు, షిఫ్టును బట్టి వస్తాడు. మా ఒక్కగానొక్క కూతురు శ్రావణి అప్పటికి తొమ్మిదో తరగతి.

ముందు తలలో మొదలైంది. చుండ్రు అనుకున్నాను. కుంకుడుకాయలతో రుద్దుకున్నాను, నిమ్మరసం పట్టించాను. అది చుండ్రులా పొడిగా రాలదు, పెచ్చుల్లా లేస్తుంది. గోకితే కింద నెత్తురు చుక్క.

ఒకరోజు ఒక టీచరమ్మ తన నల్ల పట్టు జాకెట్టు తీసుకోవడానికి వచ్చింది. చాలా ఏళ్లుగా నా దగ్గరే కుట్టించుకునే మనిషి. జాకెట్టు విప్పి చూసింది. మీద తెల్లగా పొట్టు. కుట్టేటప్పుడు నా తల నుంచి రాలింది.

"ఏందిది సరోజా, పిండి చల్లినట్టున్నది?" అంది నవ్వుతూనే.

"చుండ్రు మేడం. చలికి ఎక్కువైంది," అన్నాను.

ఆమె రుమాలుతో దులిపి, జాకెట్టును రెండు వేళ్లతో పట్టుకుని సంచిలో వేసుకుంది. ఆ రెండు వేళ్లను నేను చూశాను. అప్పటిదాకా నాకిది దురద మాత్రమే. ఆ రోజు నుంచి సిగ్గు కూడా తోడైంది.

సంక్రాంతి పోయేసరికి మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎర్రటి బిళ్లలు. వాటి మీద వెండి రంగు పొరలు. మెడికల్ షాపులో చూపిస్తే తామర అని ట్యూబు ఇచ్చారు. రాసిన వారంలో మాయమైంది. నేనెంత సంతోషపడ్డానంటే, ఆ ఆదివారం కోడి కోయించాను. ట్యూబు ఆపిన కొన్నాళ్లకు అవే బిళ్లలు రెట్టింపు వెడల్పుతో వచ్చాయి. మళ్లీ ట్యూబు, మళ్లీ మాయం, మళ్లీ రావడం. ఏ మందో, ఎందుకో తెలియకుండా అలా నెలల తరబడి రాశాను. ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగే మొదటి మాట ఇదే. ఒంటి మీద మచ్చ వస్తే మెడికల్ షాపుకు కాదు, చర్మం డాక్టరు దగ్గరికి పోండి.

ఆది జాకెట్ల ఏడాది

కొలతలు తీసుకోవాలంటే మనిషిని ముట్టుకోవాలి. చేతులెత్తమని చెప్పి టేపు చుట్టాలి, భుజం మీద వేలు పెట్టి కొలవాలి. ఆడవాళ్లు నా ముందు నిలబడి చేతులెత్తి అత్త మీద, తోటికోడలి మీద చెప్పుకునేవాళ్లు. నా పనిలో నాకిష్టమైనది అదే.

మరుసటి వానాకాలానికి మనుషులు రావడం తగ్గి, ఆది జాకెట్లు రావడం మొదలైంది. సరిపోయే పాత జాకెట్టొకటి గుడ్డతో పాటు కవర్లో పెట్టి ఎవరితోనో పంపడం. "టైం లేదంట అక్కా, దీని తీరే కుట్టమన్నది" అని తెచ్చినవాళ్లు గడప బయటే నిలబడి చెప్పేవాళ్లు. మొదట నిజంగానే టైం లేదనుకున్నాను. తర్వాత అదే వీధిలో కొత్తగా మిషను పెట్టిన అమ్మాయి దగ్గర వాళ్లే కూర్చుని ఉండటం చూశాను. కొన్నాళ్లకు ఆది జాకెట్లు కూడా ఆగిపోయాయి.

ఇంట్లోనూ మెల్లగా మార్పు వచ్చింది. నేను లేచిన పక్క మీద దోసెడు పొట్టు ఉండేది. శ్రావణి బడికి పోయేముందు నేను అడగకుండానే దుప్పటి దులిపి, గది ఊడ్చి, ఆ చెత్తను పొయ్యిలో వేసేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అది విసుక్కుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. మా ఆయన మంచం వసారాలోకి మారింది. షిఫ్టు నుంచి వేళకాని వేళ వస్తే మీ నిద్ర చెడుతుందని అన్నాడు. నేను కారణం అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.

వంకాయ మానేశాను, ఎండుచేపలు మానేశాను, గోంగూర, మాంసం, పాలు, ఎవరు ఏది మానమంటే అది మానేశాను. చివరికి చారన్నం మిగిలింది. బిళ్లలు మాత్రం నడుము దాకా వచ్చాయి.

ఒకరోజు శ్రావణి బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా నిలబడింది.

"అమ్మా, నీకు కుష్టా?"

"ఎవరన్నరే?"

"ఎవరో ఒకరు. నువ్వు చెప్పు, అవునా కాదా?"

నాకు తెలియదు. అదే నిజం. కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ వారమే ఆశా వర్కర్ మా ఇంటికి వచ్చింది. ఎవరో ఆమె చెవిన వేశారు. పాపం మంచిదే, తలుపు దగ్గరగా వేసి, నా కళ్లు మూయమని, బిళ్లల మీద పెన్ను మొన ఆనించి తెలుస్తుందా అని అడిగింది. ప్రతిచోటా తెలిసింది. "నాకైతే గట్ల అనిపిస్తలేదు వదినా, స్పర్శ మంచిగున్నది. కానీ నువ్వు పెద్ద డాక్టరుకు చూపించుకో. ఇంకా ఆలస్యం చెయ్యకు," అంది. ఆమె వెళ్తుంటే ఎదురింటి అరుగు మీద ఆడవాళ్లు మాటలు ఆపి చూశారు. ఆమె లోపల ఏం చెప్పిందో వాళ్లకు అక్కర్లేదు. ఆమె రావడమే వాళ్లకు చాలింది.

ఖమ్మంలో

చర్మం డాక్టరు దగ్గర కూర్చునే హాలు మిగతా దవాఖానాల లాగా ఉండదు. దగ్గులుండవు, మూలుగులుండవు. అందరూ మామూలుగా నడిచి వచ్చినవాళ్లే. కానీ ఎండాకాలంలో నిండు చేతుల చొక్కాలు, మెడ చుట్టూ చున్నీలు, కాళ్లకు సాక్సులు. ఒకళ్లనొకళ్లు సూటిగా చూసుకోరు. గోడ మీద సబ్బు బొమ్మల్లో నున్నటి మొహాల ఆడపిల్లలు నవ్వుతుంటారు, వాళ్లకేసి చూస్తూ కూర్చుంటాం.

నా పక్కన సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన పెద్దామె కూర్చుంది. పేరు రమణమ్మ. గుంటలు పడ్డ నా గోళ్లు చూసి, తన చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి పిక్క చూపించింది. నాదే. అచ్చం నా ఒంటి మీది బిళ్లే. ఇంకొకరి ఒంటి మీద దాన్ని చూడటం నాకు అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఏడవమాక తల్లీ. నా పెద్దోడు పుట్టిన కాడి నించీ ఉంది నాకు. చలికాలంలో మీదికొస్తది, ఎండలకి తగ్గుద్ది. నల్ల చీరలు కట్టమాక, పొట్టు బాగా కనపడుద్ది. తెల్లపూల చీర కడితే ఏది పువ్వో ఏది పొట్టో ఎవడికీ తెలవదు," అంది.

నేను నవ్వాను. ఎన్నాళ్ల తర్వాతో. మధ్యాహ్నమైనా మా నెంబరు రాలేదు. ఆమె డబ్బా మూత తీసి పెరుగన్నం కలిపి, మాగాయ ముక్క పెట్టి, ముద్ద నా అరచేతిలో పెట్టింది. తానూ అదే డబ్బాలో తింది. మళ్లీ ఆమెను చూడలేదు. ఊరి పేరైనా సరిగా అడిగి ఉంచుకోవాల్సింది.

డాక్టరమ్మ బిళ్లలన్నీ చూసి, గోళ్లు చూసి పేరు చెప్పింది. "ఇది అంటుకునే జబ్బు కాదు. మీ పక్కన పడుకున్నా రాదు, మీ కంచంలో తిన్నా రాదు. కానీ పూర్తిగా పోతుందని కూడా చెప్పను. తగ్గుతుంది, వస్తుంది. దీంతో బతకడం నేర్చుకోవాలి." ఆ తర్వాత చీటీ రాస్తూ తలెత్తి, "నిద్ర పడుతోందా మీకు?" అని అడిగింది. అప్పటిదాకా అందరూ ఎందుకొచ్చింది, ఏం తిన్నావు, ఎవరికైనా ఉందా అనే అడిగారు. నిద్ర గురించి ఎవరూ అడగలేదు. ఆమె పెన్ను పక్కన పెట్టి ఆగింది.

నాతో వచ్చిన మా ఆయన తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. "పోదన్నదిగా," అన్నాడు బయటికి చూస్తూ. అంటుకోదన్న మాట అతనికి వినపడిందో లేదో నాకు తెలియలేదు.

అమ్మ

మా చెల్లెలు లలితను వేంసూరులో ఇచ్చాం. పామాయిల్ తోటలున్న ఇల్లు, మంచివాళ్లు. దానికి పెళ్లయిన చాన్నాళ్లకు కొడుకు పుట్టాడు. ఉయ్యాల ఫంక్షన్‌కని మెత్తటి మల్లు గుడ్డతో చిన్న చిన్న చొక్కాలు, ఉయ్యాలలోకి పరుపు కుట్టి పెట్టుకున్నాను. ఫంక్షన్ రెండు రోజులుందనగా లలిత ఫోన్ చేసింది.

"అక్కా... మా అత్తగారోళ్లు పసిగుడ్డు అని భయపడుతున్నరే. డాక్టరు ఏమన్నదో చెప్పిన, ఇంటలేరు. నువ్వు తర్వాత ఎప్పుడైనా రా. ఏమనుకోకు."

"ఏమనుకోనులే," అన్నాను. కుట్టినవి శ్రావణి చేతికిచ్చి పంపాను. వాడు వాటిని వేసుకున్న ఫోటో ఒక్కటీ రాలేదు. నేనూ అడగలేదు, ఫోన్ చేయడం తగ్గించాను. చెల్లెలిది కూడా కష్టమేనని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు కాలేదు.

మా అమ్మ భద్రాచలం దారిలో అడవి అంచునున్న మా పుట్టింట్లో తమ్ముడి దగ్గర ఉండేది. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. నేను పోయినప్పుడల్లా పనిచేసే చేత్తో నా మోచెయ్యి పట్టుకుని ఆ బిళ్లల మీద బొటనవేలితో మెల్లగా రుద్దేది. మాట సరిగా వచ్చేది కాదు. "ఎండిపోయింది... నూనె రాయి," అనేది. ఎవరికీ కనపడనివ్వని చెయ్యిని ఆమె ముందు మాత్రం దాచేదాన్ని కాదు.

ఇప్పపూలు రాలే రోజుల్లో అమ్మ పోయింది. నేను చేరేసరికి వాకిట్లో బల్ల వేశారు. స్నానం చేయించడానికి ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెస్తున్నారు. పెద్ద కూతుర్ని కాబట్టి నేను కొంగు బిగించి ముందుకు వచ్చి చెంబు పట్టుకున్నాను.

మా మేనత్త నా భుజం తాకకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు జర దూరముండు బిడ్డా. నలుగురమున్నం గద, మేం చేస్తం."

"అత్తా, మా అమ్మ..."

"తెలుసు బిడ్డా. తెలుసు. గీళ్లంతా ముట్టుకోవాలె గద మళ్ల, ఆ చెంబు, ఆ నీళ్లు..."

గట్టిగా కూడా అనలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని. లలిత అమ్మ కాళ్ల దగ్గర నిలబడి ఉంది. నేను దానివైపు చూశాను. అది తల దించుకుంది. చెంబు కింద పెట్టి గుంజ దగ్గరకు పోయి నిలబడ్డాను. అమ్మకు తల మీద నీళ్లు పోశారు, పసుపు రాశారు, కొత్త చీర చుట్టారు. ఆమె పని చేయని చెయ్యి బల్ల మీంచి జారి వేలాడుతుంటే ఎవరో ఎత్తి పెట్టారు. నేను ఎత్తి పెట్టలేకపోయాను.

చావు ఇంట్లో అందరూ ఏడుస్తారు కాబట్టి నేను దేనికి ఏడుస్తున్నానో ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

పెద్దకర్మకు ఇంకా టైముంది. ఆ రోజైనా అందరితో కూర్చోవాలని నాకు పిచ్చి పట్టినట్టయింది. ఖమ్మం మందులు మెల్లగా పనిచేస్తున్నాయి, మెల్లగా అనేది నాకు పనికిరాలేదు. పక్క ఊళ్లో ఒక ఆరెంపీ డాక్టరు సూదితో తగ్గిస్తాడని విన్నాను. ఆ మందులన్నీ ఆపేసి అతని దగ్గర సూదులు వేయించుకున్నాను. నిజంగానే తగ్గింది. పెద్దకర్మ నాటికి నా చేతులు చిన్నప్పటి చేతుల్లా ఉన్నాయి. విస్తళ్లు వేశాను, అన్నం వడ్డించాను. మేనత్త నా చేతి అప్పడం తీసుకుని తింది. ఆ రోజు నన్ను ఎవరూ ఏ పనిలోనూ ఆపలేదు. నేను చేయాలనుకున్న ఒక్క పని మాత్రం అప్పటికే అయిపోయింది.

వార్డు

సూదులు ఆపిన కొద్దివారాలకు ఒళ్లంతా ఎర్రబడింది. బిళ్లలు బిళ్లలుగా కాదు, నెత్తి నుంచి పాదాల దాకా ఒకటే మంట. మే నెల ఎండల్లో రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి. చర్మం పొరలు పొరలుగా ఊడింది, కాళ్లు వాచాయి. మా ఆయన కిరాయి ఆటోలో కొత్తగూడెం దాకా, అక్కడి నుంచి అంబులెన్సులో ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. ఆ సూదుల వల్లే ఇలా ఎదురు తిరిగిందని డాక్టర్లు చెప్పారు. కొన్ని రోజులు నా గురించి వాళ్లకే నమ్మకం లేదని తర్వాత తెలిసింది.

పూట పూటకూ ఒళ్లంతా నూనెలాంటి మందు పట్టించాలి. వీపు నాకు అందదు. ఆడ అటెండెంటు లేదు, శ్రావణికి ఎంట్రెన్సు పరీక్షలు. నర్సమ్మ మందు డబ్బా మా ఆయన చేతిలో పెట్టి, "మీరే రాయాలి, రుద్దొద్దు, అద్దాలి," అని చెప్పి పోయింది.

అతను డబ్బా పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. వద్దులే, నేనే ఎట్లనో రాసుకుంటా అనబోతున్నాను. అప్పుడు వీపు మీద అతని అరచెయ్యి పడింది. ప్లాంటులో ఇనుము మోసిన చెయ్యి, గరుకు. అయినా ఎంత మెల్లగా ఆనించాడంటే, మొదట ఆనిందో లేదో తెలియలేదు.

"ఎక్కడ మండుతున్నదో చెప్పు," అన్నాడు.

"అంతా."

"అంతా రాస్తా తీ."

రాస్తూనే, నా మొహం చూడకుండా అన్నాడు. "నువ్ గోకుతుంటే ఆ సప్పుడు నాకు ఇనబుద్ధి కాకపోయేది సరోజా. లేపి ఏం చెయ్యాల్నో తెల్వకపోయేది. అందుకే బయట పండుకున్న. నువ్ ఇంకో తీరుగ అనుకున్నవ్ గావచ్చు."

"అనుకున్న," అన్నాను.

"అడగాలె గద."

"నువ్వు చెప్పాలె గద."

అతను భుజాల నుంచి నడుము దాకా, ఒక్క వేలి మందం కూడా వదలకుండా రాశాడు. ఆ తర్వాత పూట పూటకూ అతనే రాశాడు. పక్క మంచం ముసలామె తన కోడలికి అతన్ని చూపించి ఏదో చెప్పేది. నాకు సంతోషంగానే ఉండేది, దుఃఖంగానూ ఉండేది. రెండేళ్లు వసారాలో ఒకరం, గదిలో ఒకరం ఊరికే పోగొట్టుకున్నాం.

ఇప్పుడు

బతికి వచ్చాను. వారానికి ఒకసారి మాత్ర, అప్పుడప్పుడు రక్త పరీక్ష, రోజూ స్నానం కాగానే ఒంటికి నూనె. బిళ్లలు మోకాళ్ల మీద, నడుము మీద ఇంకా ఉన్నాయి. చేతులు చాలావరకు తేటపడ్డాయి. డాక్టరమ్మ అన్నట్టే తగ్గుతుంది, వస్తుంది.

అన్నీ తిరిగి రాలేదు. ముందు గది తెరిచి ఉంచినా కొలతలకు వచ్చేవాళ్లు లేరు. పాల్వంచలో ఒక షాపు వాళ్లకు బడి యూనిఫారాలు కుట్టి పంపుతున్నాను. సైజుల ప్రకారం కత్తిరించి ఇస్తారు, కుట్టడమే. మనిషి లేని బట్టలు. లలిత ఫోన్ చేస్తుంది. ఒకసారి కొడుకుతో వచ్చి రెండు రోజులు ఉంది కూడా. వాడు నా ఒళ్లో అన్నం తిన్నాడు. అమ్మను కడిగిన రోజు మాట మాత్రం మేమిద్దరం ఎత్తము. ఏదో ఒకరోజు ఎత్తుతామేమో.

శ్రావణి ఖమ్మంలో హాస్టల్‌లో ఉండి నర్సింగు చదువుతోంది. ఈ జబ్బు కొన్ని కుటుంబాల్లో తల్లి నుంచి పిల్లలకు రావచ్చని, రాకపోనూ వచ్చని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అది సెలవుకు వచ్చినప్పుడల్లా జడ వేస్తానని కూర్చోబెట్టుకుంటాను. చెవుల వెనక, మెడ మీద, పాపిట్లో చూస్తాను.

పోయిన ఆదివారం పొద్దున ఎండలో వాకిట్లో కూర్చోబెట్టి దువ్వుతున్నాను. అది ఫోన్ చూసుకుంటోంది అనుకున్నాను.

"ఉన్నదా అమ్మా?" అంది తల తిప్పకుండా.

"ఏంది?"

"నువ్వు చూస్తున్నది. క్లాసులో మాకు చెప్పిన్రు. నాకు తెలుసు."

"లేదు," అన్నాను.

"ఉంటే చెప్తవా?"

"చెప్త."

"ఒట్టు?"

"ఒట్టు."

అది ఫోన్ పక్కన పెట్టి, జుట్టంతా ముందుకు వేసుకుని, నా మోకాలి మీద నుదురు ఆనించి తల వంచింది. "అయితే మంచిగ చూడు," అంది.

చూశాను. పాయ పాయ విడదీసి, ఎండ పడేలా పక్కకు తిప్పి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. దానితో ఆ మాటే చెప్పాను. చెప్పి, దువ్వెన పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి చూశాను.